అరవై రూపాయల గోడ క్యాలెండర్: ఏడాది సెలవులు చూసుకోవడానికి ఎంత పనికొచ్చింది

పోయిన ఏడాది కార్తీక మాసంలో కోఠి ఫుట్‌పాత్ మీద అరవై రూపాయలు పెట్టి 2025 తెలుగు గోడ క్యాలెండర్ ఒకటి కొన్నాను. నెలకొక కాగితం, పైన రేకు పట్టీ, మేకుకు తగిలించడానికి దారం. ఏడాదంతా వంటగది గుమ్మం పక్కన వేలాడింది. ఇప్పుడు 2025 డిసెంబర్ నడుస్తోంది. ఆ కాగితాలన్నీ పెన్సిల్ గీతలతో నిండిపోయాయి. 2026ది దీపావళికి ముందే తెచ్చేశాను, అదీ రెండు. ఏ కంపెనీదో చెప్పను. తెలుగు క్యాలెండర్లు చాలావరకు ఒకే పద్ధతిలో ఉంటాయి కాబట్టి ఏం చూసి కొనాలో, దేనికి పనికొస్తుందో, ఎక్కడ ఇబ్బంది పెడుతుందో చెప్తాను.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. నేను బాలానగర్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. వారానికి ఆదివారం ఒక్కటే సెలవు, ఏడాదికి పది పండగ సెలవులు, పన్నెండు క్యాజువల్ లీవులు. మా ఆయనది బ్యాంకు ఉద్యోగం. ఆయనకు రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు. 2015 సెప్టెంబర్ నుంచి బ్యాంకులకు ఈ పద్ధతే నడుస్తోంది. బాబు ఏడో తరగతి, వాడి బడికి వేరే జాబితా. అమ్మ కోనసీమలో అంబాజీపేట దగ్గర ఊళ్లో అన్నయ్య వాళ్లతో ఉంటుంది. అక్కడ నడిచేది ఆంధ్రప్రదేశ్ సెలవులు. అత్తయ్య వాళ్లది హనుమకొండ. సంక్రాంతికి అమ్మ దగ్గరికి, దసరాకి అత్తయ్య దగ్గరికి వెళ్లడం పెళ్లైన నాటి నుంచీ మా ఇద్దరి ఒప్పందం.

ఇన్ని జాబితాలు నాలుగు ఫోన్లలో ఉంటే ఎవరికి ఎప్పుడు ఖాళీయో ఎవరికీ తెలిసేది కాదు. నేను లీవు అడిగేసరికి ఆయన బ్యాంకులో ఇంకెవరో ముందే పెట్టేసేవారు. అందుకే ఈ క్యాలెండర్ కొన్న రోజు రాత్రి ముగ్గురం భోజనాల బల్ల మీద పరిచి కూర్చున్నాం. నా సెలవులకు సున్నా, ఆయనవాటికి అడ్డగీత, బాబు బడి సెలవులకు చిన్న చుక్క. మూడు గుర్తులూ ఒకే గడిలో కలిసిన తేదీలు ఏడాది మొత్తానికి ఏడే దొరికాయి. ఆ ఏడు తేదీలు కళ్లముందు కనిపించడమే ఈ క్యాలెండర్ మాకు చేసిన మొదటి మేలు.

ఎడమవైపు ఆది, సోమ అని వారాలు నిలువుగా ఉంటాయి, తేదీలు అడ్డంగా నడుస్తాయి. ఒక వారం పేరు వెంట చూపు పోనిస్తే ఆ నెలలో వచ్చే సోమవారాలన్నీ వరసగా కనిపిస్తాయి. సెలవులు చూసుకునేవాళ్లకు ఇది చాలా సుఖం. అంకె పెద్దది, దాని చుట్టూ తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం. ఆదివారాలు, పండగలు ఎరుపు. జనవరి కాగితం వెనక ఆంధ్రప్రదేశ్ సాధారణ సెలవులు, తెలంగాణ సాధారణ సెలవులు, ఐచ్ఛిక సెలవులు విడివిడిగా వేశారు. నేను క్యాలెండర్ కొనేది ఈ పేజీ కోసమే. మీరు కొనేటప్పుడు షాపులోనే వెనక్కి తిప్పి చూడండి. రెండు రాష్ట్రాలకూ కలిపి ఒకే జాబితా వేసినది అయితే పక్కన పెట్టేయండి.

ఎందుకంటే మా ఇంట్లో అసలు చిక్కు కనుమతోనే. ఆంధ్రప్రదేశ్‌లో భోగి, సంక్రాంతి, కనుమ మూడూ సాధారణ సెలవులే. తెలంగాణ జాబితాలో కనుమ ఐచ్ఛికంలోకి పోతుంది. మా కంపెనీ సంక్రాంతి ఒక్కరోజే ఇస్తుంది, ఆయన బ్యాంకూ అంతే. కోనసీమ వాళ్లకు కనుమ నాడు ఇంట్లో లేకపోతే పండక్కి వెళ్లినట్టే కాదు. ఆ రోజు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల రుద్రులు, అంటే శివుడి రూపాలు, వెదురుతో కట్టిన ఎత్తైన ప్రభల మీద వస్తారు. గంగలకుర్రు ప్రభలను కౌశిక కాలవలోంచి భుజాల మీద దాటిస్తుంటే గట్టు మీద నిలబడి చూడాలి. మోసే కుర్రాళ్ల గుండెల దాకా నీళ్లు, పైన రంగురంగుల గుడ్డలు చుట్టిన ప్రభ ఊగుతూ ఉంటుంది. నాన్న ఉన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని చూపించేవారు. ఇప్పుడు మా బాబు వాళ్ల మావయ్యతో గట్టు దాకా వెళ్తున్నాడు. లీవు ఎంత కష్టమైనా కనుమకు పెట్టేది అందుకే.

2025లో సంక్రాంతి మంగళవారం వచ్చింది. శనివారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా స్టేషన్‌కి వెళ్లి రాత్రి రైలెక్కాను. సోమవారం భోగికి ఒక లీవు, బుధవారం కనుమకు ఒక లీవు. రెండు లీవులతో నాలుగు రోజులు అమ్మ దగ్గర ఉన్నాను. క్యాలెండర్ లేకపోయినా ఇది తట్టేదేమో, కానీ నవంబర్‌లోనే తట్టేది కాదు. నవంబర్‌లో అడిగాను కాబట్టే లీవు దొరికింది. జనవరి మొదటి వారంలో అడిగిన మా సెక్షన్ అమ్మాయికి దొరకలేదు.

ఏడాది మొత్తం ఒకసారి పరిచి చూడగానే ఇంకో సంగతి తెలిసింది. 2025 మా కంపెనీ వాళ్లకు కలిసిరాని ఏడాది. జనవరి 26 ఆదివారం, ఉగాది మార్చి 30 ఆదివారం. దసరా, గాంధీ జయంతి రెండూ అక్టోబర్ 2నే పడ్డాయి. పది సెలవుల్లో మూడు అలా పోయాయి. ముందే తెలిసింది కాబట్టి ఏడుకే లెక్క వేసుకున్నాను. పది ఉన్నాయన్న ధైర్యంతో ఏడాది మొదట్లోనే లీవులు ఖర్చుపెట్టేస్తే దసరా నాటికి చేతిలో ఏమీ మిగిలేది కాదు.

దసరా చాలా బాగా గడిచింది. తెలంగాణ బళ్లకు సెప్టెంబర్ 21 నుంచి అక్టోబర్ 3 వరకు సెలవులు కావడంతో బాబును ముందే హనుమకొండలో దింపి వచ్చాం. సెప్టెంబర్ 30 సద్దుల బతుకమ్మ, అక్టోబర్ 1, ఈ రెండు రోజులకు లీవు పెట్టాను. అక్టోబర్ 2 ఎలాగూ సెలవే. అత్తయ్య అయిదు రకాల సద్దులు కలిపింది. గాంధీ జయంతి కావడంతో దసరా రోజు మటన్ షాపులు మూసి ఉంటాయని ఆ సంగతి కూడా క్యాలెండర్ చూసి అత్తయ్యకు ముందే ఫోన్‌లో చెప్పాను. మామయ్య ముందురోజే తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టించారు. సాయంత్రం జమ్మి ఆకు పెట్టి పెద్దవాళ్ల కాళ్లకు దండం పెట్టుకుని రాత్రి బస్సుకి తిరిగొచ్చాం.

ఆగస్టులో మాత్రం దెబ్బ తగిలింది. ఆగస్టు 15 శుక్రవారం, 17 ఆదివారం. అమ్మకు కంటి శుక్లం ఆపరేషన్ అయింది, సోమవారం డాక్టరుకు చూపించాలి. శనివారం, సోమవారం లీవు పెడితే రెండు లీవులతో నాలుగు రోజులు వస్తాయని లెక్క వేశాను. నెలాఖరుకి చూస్తే మూడు లీవులు కోశారు. రెండు లీవుల మధ్య ఆదివారం వస్తే దాన్నీ లీవుగానే లెక్కిస్తారట, శాండ్‌విచ్ రూల్ అంటారట. పండగ సెలవు మధ్యలో వస్తే కలపరు, ఆదివారాన్ని మాత్రం కలుపుతారు. ఆరేళ్ల నుంచి పనిచేస్తున్నా ఈ మాట నాతో ఎవరూ అనలేదు. నాకు చాలా కష్టమనిపించింది. ఆ ఆదివారం అమ్మ కంట్లో నాలుగుసార్లు చుక్కలు వేస్తూ కూర్చున్నాను, ఆ రోజును నా లెక్కలోంచి తీసేశారు. ఇందులో క్యాలెండర్ తప్పేమీ లేదు. కానీ మీరు క్యాలెండర్ ముందు కూర్చునే లోపే మీ ఆఫీసు రూల్ ఏంటో హెచ్‌ఆర్‌ను అడిగి రాయించుకోండి. నోటితో చెప్పింది చాలదు. ప్రభుత్వ ఉద్యోగులకూ ఇలాంటి హద్దులు ఉన్నాయి. మా పక్కింటి టీచరమ్మకు ఐచ్ఛిక సెలవులు అయిదు వాడుకునే వీలుంది, కానీ క్యాజువల్ లీవును మధ్యలో వచ్చే సెలవులతో కలిపి వరసగా పది రోజులు దాటనివ్వరు.

ఫోన్‌లో ఉండే క్యాలెండర్ ఈ పనికి చాలదా అని మా ఆయన మొదట్లో అడిగారు. నేనూ ప్రయత్నించాను. అందులో దేశంలో ఉన్న పండగలన్నీ ఒకే వరసలో వస్తాయి. ఏది తెలంగాణ సెలవో, ఏది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు ఎంచుకునే సెలవో విడదీసి చూడటానికి టైం పడుతుంది. అంతకన్నా ముఖ్యంగా, తిథి కనిపించదు. నాకు తిథి కావాలి. నాన్న తద్దినం కార్తీక శుద్ధ పంచమి. ఇంగ్లిష్ తేదీ ప్రతి ఏడూ మారిపోతుంది. 2025లో అక్టోబర్ చివర్లో వచ్చింది, 2026లో నవంబర్ నడిమికి పోతోంది. 2026లో జ్యేష్ఠం అధికమాసం కావడమే దీనికి కారణం. మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం, ఆ తర్వాత నిజ జ్యేష్ఠం. అక్కడి నుంచి పండగలన్నీ ఆలస్యంగా వస్తాయి. 2025లో ఆగస్టు 27న వచ్చిన వినాయక చవితి 2026లో సెప్టెంబర్ 14న, అక్టోబర్ 20న వచ్చిన దీపావళి నవంబర్ 8న. పోయినసారి తేదీలు గుర్తుపెట్టుకుని లీవు అడిగేవాళ్లకు ఈసారి టెన్షన్ తప్పదు.

లీవుల విషయంలో ఈ క్యాలెండర్ చేసే ఇంకో పని నేను ముందు ఊహించలేదు. మన ఇళ్లలో లీవులు ఎక్కువగా పోయేది పండక్కి కాదు, పెళ్లిళ్లకు. శుభలేఖ చేతికి వచ్చేసరికి ఇరవై రోజులు కూడా ఉండవు. ఆఫీసులో ఒకే రోజుకు నలుగురు అడుగుతారు. క్యాలెండర్ వెనక ముహూర్తాల పేజీ చూస్తే ఏ నెలల్లో పెళ్లిళ్లు ఉంటాయో, ఏ నెలల్లో ఉండవో ముందే తెలుస్తుంది. ఇప్పుడు శుక్ర మౌఢ్యమి నడుస్తోంది. నవంబర్ చివర్లో మొదలైంది, ఫిబ్రవరి మధ్య దాకా ఉంటుంది. ఆపైన వేసవిలో ఆ అధికమాసం. అంటే 2026లో జూన్ సగం లోపు పెళ్లిళ్లన్నీ ఫిబ్రవరి చివరి నుంచి మే సగం దాకా ఉన్న ఆ కాస్త రోజుల్లోనే జరగాలి. మా పెద్దమ్మ మనవరాలికి, ఆయన చిన్నాన్న గారి అబ్బాయికి ఇద్దరికీ సంబంధాలు కుదిరాయి. తేదీలు ఇంకా పెట్టలేదు. అయినా ఆ మూడు నెలలకు రెండు లీవులు పెన్సిల్‌తో రాసి పక్కన పెట్టేశాను.

రైలు టికెట్ల సంగతి కూడా దీని మీదే నడుస్తోంది. 2024 నవంబర్ 1 నుంచి రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు మాత్రమే మొదలవుతోంది, అంతకుముందు 120 రోజులు ఉండేది. 2026లో భోగి జనవరి 14, బుధవారం. ముందురోజు రాత్రి ఎక్కాలంటే జనవరి 13కి టికెట్ కావాలి. వెనక్కి లెక్కపెడితే నవంబర్ 14. తిరుగు ప్రయాణం జనవరి 18 ఆదివారం, దానికి నవంబర్ 19. ఈ రెండు తేదీల గడుల్లోనూ ఎర్ర స్కెచ్ పెన్నుతో ‘రైలు, 8 గంటలు’ అని రాసి పెట్టుకున్నాను. 2025 అక్టోబర్ 1 నుంచి బుకింగ్ తెరిచిన మొదట్లో ఆధార్ అనుసంధానం చేసుకున్న ఖాతాలకే టికెట్లు ఇస్తున్నారు కాబట్టి అది కూడా దసరా సెలవుల్లోనే చేయించేశాను. నవంబర్ 14 పొద్దున ఎనిమిదికి ఆయన ఒక ఫోన్‌లో, నేను ఒక ఫోన్‌లో కూర్చున్నాం. గౌతమిలో రాజమండ్రికి స్లీపర్ మూడు బెర్తులూ ఖాయమయ్యాయి. అక్కడి నుంచి రావులపాలెం మీదుగా బస్సు. పోయిన సంక్రాంతికి మేం వెయిటింగ్ లిస్టులో పడి చివరి రోజు దాకా దేవుడికి మొక్కుకుంటూ ఉన్నాం. ఈ ఒక్క పనికే అరవై రూపాయలు గిట్టుబాటు అయ్యాయి.

ఇక లోపాలు. అచ్చు తప్పులు ఉన్నాయి, అవి చిన్నవి కావు. 2025 మే నెలలో అయిదు శనివారాలు వచ్చాయి. మూడు, పది, పదిహేడు, ఇరవై నాలుగు, ముప్పై ఒకటి. బ్యాంకు సెలవు గుర్తు 24 మీద పడాల్సింది 31 మీద పడింది. మా ఆయన అది చూసి 30 రాత్రి బస్సుకి హనుమకొండ టికెట్ తీసుకున్నారు. అయిదో శనివారం బ్యాంకు పనిచేస్తుంది కదా అని 28న గుర్తొచ్చింది. టికెట్ రద్దు చేస్తే సగం డబ్బులు పోయాయి. ఆయన కొన్నది ఒక రాత్రి బస్సు కాబట్టి సరిపోయింది, అదే విమానమైతే చాలా బాధపడేవాళ్లం. ఈసారి 2026ది తేగానే రెండో, నాలుగో శనివారాలు పన్నెండు నెలలకూ నేనే లెక్కపెట్టి చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

ఇంకొకటి, ఈ క్యాలెండర్లు దసరా నాటికే అచ్చైపోతాయి. ప్రభుత్వాలు సెలవుల ఉత్తర్వులు విడుదల చేసేది తర్వాత. రంజాన్, బక్రీద్, మొహర్రం చంద్ర దర్శనాన్ని బట్టి ఒకరోజు అటూఇటూ కావచ్చు. ఎరుపు రంగు ఉంది కదా అని టికెట్లు కొనకూడదు. ఉత్తర్వు వచ్చాక పేపర్‌లో వేసిన జాబితా కత్తిరించి జనవరి కాగితం వెనక అంటించుకుంటే మంచిది, మేం అలాగే చేశాం. అనుకోకుండా ఇచ్చే స్థానిక సెలవులు, ఎన్నికల సెలవులు ఇందులో ఎలాగూ ఉండవు.

కాగితం పల్చన. జెల్ పెన్నుతో రాస్తే సిరా వెనక్కి దిగిపోయి అక్కడ అచ్చేసిన వంటల వివరాల మీద మచ్చలు పడ్డాయి. పెన్సిల్ వాడండి. ప్లాన్ మారితే చెరిపేసుకోవచ్చు కూడా. ఫ్యాన్ గాలి తగిలే చోట పెడితే రేకు పట్టీ గోడకు కొట్టుకుని సున్నం రాలుతుంది. వెనకున్న రాశి ఫలాలు, వంటలు, పాల లెక్క రాసుకునే గళ్లు గురించి నేను చెప్పేది ఏమీ లేదు. పాల లెక్క మాత్రం రాస్తున్నాను. కిరాణా షాపుల వాళ్లు ఉచితంగా ఇచ్చే క్యాలెండర్లు మాకు మూడు వచ్చాయి. దేవుడి బొమ్మ పెద్దది, గడులు చిన్నవి, రాయడానికి చోటు ఉండదు. అవి పూజ గదిలో పెట్టాను.

2026 ప్లాన్ ఇలా వచ్చింది. సంక్రాంతికి జనవరి 14, 16, 17 మూడు లీవులు పెడితే బుధవారం నుంచి ఆదివారం దాకా అమ్మ దగ్గర. సోమవారం డ్యూటీకి వస్తాను కాబట్టి ఆదివారం నాదే. మే 1 శుక్రవారం, బడికి వేసవి సెలవులు. శనివారం ఒక లీవు పెట్టుకుని మూడు రోజులు ఎక్కడికైనా వెళ్దామని బాబు అడుగుతున్నాడు. వినాయక చవితి సోమవారం, ముందు శనివారం రెండోది కావడంతో ఆయనకు మూడు రోజులు, నాకు రెండు. దసరా మంగళవారం, సోమవారం ఒక్క లీవు పెడితే అత్తయ్య దగ్గర మూడు రోజులు. తద్దినానికి రెండు, పెళ్లిళ్లకు రెండు. మొత్తం తొమ్మిది. మిగిలిన మూడు జ్వరాలకు, ఆసుపత్రులకు. ఈసారి పది కంపెనీ సెలవుల్లో ఆదివారం పోయేది దీపావళి ఒక్కటే. ఆ రోజు ఎలాగూ ఇంట్లోనే ఉంటాం.

రెండు కొన్నానని చెప్పాను కదా. రెండోది అమ్మకి. అన్నయ్య హైదరాబాద్ పని మీద వచ్చినప్పుడు ఇచ్చి పంపాను, మా రాకపోకలన్నీ దాని మీద కూడా పెన్సిల్‌తో గుర్తులు పెట్టి. మొన్న ఫోన్ చేస్తే అమ్మ కళ్లజోడు పెట్టుకుని నెల నెలా తిప్పి చదివింది. “జనవరిలో అయిదు రోజులు. మళ్లీ నవంబర్ దాకా ఏమీ పెట్టలేదేంటే?” అంది. మా ఆయన పక్క నుంచి విన్నారు. లేచి మా క్యాలెండర్ దగ్గరికి వెళ్లి, మే 1, 2, 3 గడుల్లో బాబు రాసుకున్న ప్రశ్న గుర్తు చెరిపి ‘అమ్మమ్మ’ అని రాశారు.